లెక్క తప్పని సీసాలు

పదిన్నరకు డాక్టర్ జగదీశ్వర్ నన్ను లోపలికి పిలిచాడు. అప్పటికి నా చేతిలో ఉన్నది ఐదున్నర గంటలు. సాయంత్రం నాలుగింటికి సీఐ జైపాల్ తన ముద్దాయిని మేజిస్ట్రేటు ముందు నిలబెడతాడు. ఆ తర్వాత యేసుకుమార్ జైలుకు పోతాడు, నెలల తరబడి బెయిలు దొరకదు.

యేసుకుమార్ ఈ ప్రైవేటు దవాఖానలో ఫార్మసిస్టు. బిక్షం అనే గని కార్మికుడికి మందు మార్చి ఇచ్చి చంపాడన్నది అతని మీద కేసు. నిన్న అరెస్టు చేశారు. వాళ్ళమ్మ యేసమ్మ నా ఆఫీసుకొచ్చి, తన కొడుకు చీమకు కూడా హాని చెయ్యడని ఏడ్చింది. తల్లులందరూ ఆ మాటే అంటారు. పన్నెండేళ్ళు డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి, అది వదిలేసి ‘గ్లోరియా, ప్రైవేట్ డిటెక్టివ్’ అని బోర్డు పెట్టుకున్నదాన్ని. నాకు చీమల సంగతి అక్కర్లేదు, తేదీలు కావాలి.

"తేదీలు చెప్పండి డాక్టర్ గారూ," అన్నాను.

జగదీశ్వర్ గోడకున్న చార్టు దగ్గరికి నడిచాడు. పెళ్ళికొడుకు ఫొటో చూపించే తండ్రి మొహం పెట్టాడు.

"రెండు మందులు మేడం. నాలుగు వారాలు. ఎనభై మంది పేషెంట్లు. కొందరికి కడుపుల పుండు, కొందరికి పేగు మొదట్ల పుండు. ఏ మందు జల్ది మానుపుతదో చూసినం. పాతది ఫామోటిడిన్, కొత్తది వోనోప్రజాన్. మొదటిరోజు గొట్టం వేసి చూసినం, ఇరవై ఎనిమిదో రోజు మళ్ళ వేసి చూసినం."

"ఫలితం?"

"కొత్త మందు నలభై మందిల ముప్ఫై ఏడు మందికి మానిపింది. పాతది ఇరవై ఏడు మందికే. హైదరాబాద్ల డాక్టర్ల మీటింగు ఉన్నది, వచ్చే నెల అక్కడ చదువుతున్న."

ఒక పేషెంటు చచ్చిపోయి పదమూడు రోజులైంది. ఈయన మీటింగుకు ఏ చొక్కా వేసుకోవాలో ఆలోచిస్తున్నాడనిపించింది. చెడ్డవాడు మాత్రం కాదు. తన చార్టును ప్రేమించే మనిషి.

"ఏ సీసాలో ఏ మందు ఉందో ఎవరికి తెలుసు?"

"నాకు తెల్వదు, పేషెంటుకూ తెల్వదు. రెండూ ఒక్కతీరు నారింజ రంగు క్యాప్సూల్సే. సీసాలు నింపింది యేసుకుమార్, కోడు రాసిన కవరు కూడా ఆయన దగ్గర్నే. నెలయినంక విప్పినం. ఒకటి నుంచి నలభై దాకా పాతది, ఆ పైన కొత్తది."

"వరసగా ఎందుకిచ్చాడు? కలగలిపి ఇవ్వాలి కదా?"

జవాబు నాకు తెలుసు. పొద్దున తొమ్మిదింటికి స్టేషన్లో యేసుకుమారే చెప్పాడు. కొత్త మందు పార్సిలు ఎనిమిది రోజులు ఆలస్యంగా వచ్చింది. మార్చి మూడున వచ్చిన వాళ్ళను తిప్పి పంపడం ఇష్టంలేక, మొదటి నలభై మందికీ పాత మందే పోసిచ్చాడు. అది తప్పే. జైలుకు పంపే తప్పు కాదు.

"బిక్షం సంగతి చెప్పండి."

"సీసా నెంబరు ముప్ఫై ఒకటి. యాభై ఎనిమిదేండ్లు, గని లోపల పని. మార్చి మూడున మొదలువెట్టినం. ఇరవై ఎనిమిదో తారీఖు, అంటే ఇరవై ఆరో రోజు, డ్యూటీ నుంచి ఇంటికి పోయి రక్తం కక్కుకున్నడు. దవాఖానకు తెచ్చేటాళ్ళకు అయిపోయింది. ఆయన సీసాల తొమ్మిది తెల్ల గోళీలు దొరికినయని పోలీసులు చెప్పిండ్రు. డైక్లోఫెనాక్. నొప్పుల గోళీలు. పుండున్న మనిషికి అవి ఇస్తే పుండు మీద కారం చల్లినట్టే."

వారంవారం రిజిస్టరు అడిగాను. ప్రతి పేషెంటూ ఏడో రోజు, పద్నాలుగో రోజు, ఇరవై ఒకటో రోజు సీసా తీసుకుని రావాలి. మిగిలిన క్యాప్సూల్స్ యేసుకుమార్ లెక్కపెడతాడు, పక్కన నర్సు రాజకుమారి సంతకం చేస్తుంది. సరిగ్గా వేసుకున్న మనిషి సీసాలో ఏడో రోజున ఇరవై ఒకటి, తర్వాత పద్నాలుగు, ఆ తర్వాత ఏడు ఉండాలి.

అరగంట ఆ అంకెలే చూస్తూ కూర్చున్నాను. డాక్టర్ రెండుసార్లు గడియారం చూశాడు.

మా నాన్న ముప్ఫై మూడేళ్ళు గనిలో పనిచేశాడు. ఈ వారం మొదటి షిఫ్టు, వచ్చే వారం రెండో షిఫ్టు, ఆ పై వారం రాత్రి షిఫ్టు. మధ్యాహ్నం పడుకుని లేచి పొద్దున అనుకుని పళ్ళు తోముకున్న రోజులు ఆయనకు బోలెడు. అలాంటి మనిషి నెలరోజులు మందు తప్పకుండా వేసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. రిజిస్టరు కూడా అదే చెబుతోంది. ఒకడి దగ్గర ఇరవై మూడు మిగిలాయి, ఇంకొకడి దగ్గర పంతొమ్మిదే. ఎక్కడో ఓ పూట మరిచాడు, ఎక్కడో రెండుసార్లు వేసుకున్నాడు. ఎనభై మందిలో అరవై ఎనిమిది మంది లెక్కలు ఇలాగే వంకరటింకరగా ఉన్నాయి.

పన్నెండు మందివి మాత్రం అలా లేవు. ఇరవై ఒకటి, పద్నాలుగు, ఏడు. మూడు వారాలూ ఒక్క క్యాప్సూల్ తేడా లేదు. ఆ పన్నెండు సీసాల నెంబర్లు ఇరవై నాలుగు నుంచి ముప్ఫై ఐదు దాకా, వరసగా.

"ఈ పన్నెండు మంది బుద్ధిమంతులు ఎవరు?" అని అడిగాను.

ఆయన వంగి చూశాడు. "వీళ్ళా... ఒక్క జీపుల వచ్చిండ్రు. అంజి అని ఒకాయన తోలుకొచ్చిండు. గని కార్మికులకు ఫారాలు, అర్జీలు రాసిపెడ్తుంటడు."

"వయసులు?"

"అందరూ యాభై ఏడు, యాభై ఎనిమిది."

"ఎంతమందికి పుండు మానింది?"

ఆయన వేలు చార్టు మీద కిందికి జరిగింది. బిక్షం చచ్చిపోయాడు. మిగతా పదకొండు మందిలో ఒక్కడికి కూడా మానలేదు.

"వీళ్ళను పక్కనపెట్టి పాత మందు లెక్క మళ్ళీ చెయ్యండి," అన్నాను.

నోటితోనే లెక్క కట్టాడు. ఇరవై ఎనిమిది మందిలో ఇరవై ఏడు. కొత్త మందు కంటే తక్కువేం లేదు. జగదీశ్వర్ కుర్చీ లాక్కుని చార్టుకు వీపు పెట్టి కూర్చున్నాడు.

"అంటే, మంచిగ వేసుకున్నోళ్ళకే మానలేదా? అదెట్ల మేడం?"

"వేసుకోలేదు కాబట్టి. వేసుకునేవాడి లెక్క తప్పుతుంది. వేసుకోనివాడు మీ దగ్గరికి వచ్చేముందు ఏడు తీసి పారేసి వస్తాడు. వాడి లెక్క ఎప్పటికీ తప్పదు."

పేర్లు, గనులు, షిఫ్టుల వరస కూడా రాసి ఉన్న ఆ రిజిస్టరు పేజీలను ఫోన్లో ఫొటో తీసుకుని లేచాను. ఎందుకు పారేశారన్నది ఇంకా మిగిలే ఉంది. పన్నెండు కావొస్తోంది.

బిక్షం క్వార్టరు రెండు గదులు, ఒక వంటిల్లు. ఆయన భార్య ఐలవ్వ వంటింట్లో పీట మీద కూర్చుని అన్నం తింటోంది. నేను ఎవరో, ఎవరి తరఫున వచ్చానో దాచకుండా చెప్పాను. వెళ్ళిపొమ్మంటుందనుకున్నాను. కూర్చోమంది.

"ఏం కూరక్కా?"

"కూరెక్కడిది బిడ్డా. బిడ్డ మంచిర్యాలకు పోయింది, ఏవో సర్టిఫికెట్లు తెచ్చుకోవాలన్నది. నా ఒక్కదానికి ఏం వండుకుంట? కారం మెతుకులు."

పళ్ళెంలో అన్నం ఎర్రగా ఉంది. పక్కన పచ్చి ఉల్లిగడ్డ. ఆమె ముద్ద కలుపుకుని తింటుంటే నేను గోడలు చూశాను. పొయ్యి పక్క గూట్లో సగం తాగిన తెల్లటి మందు సీసా ఉంది, కడుపులో మంటకు తాగేది. మూత మీద దుమ్ము.

"ఈ మందు ఎవరిది?"

"నాదే. నాలుగేండ్ల సంది కడుపుల మంట. కారం ముట్టకపోదును."

"ఇప్పుడు తింటున్నవు గద?"

ఆమె చెయ్యి పళ్ళెంలోనే ఆగింది. "తగ్గింది. ఉగాది ముందటి సంది మంచిగనే ఉన్నది."

"ఏ దవాఖానకు పోయినవు?"

"యాడికి పోలే. దానంతటదే తగ్గింది."

నాలుగేళ్ళ మంట దానంతటదే తగ్గదు. మూడు నాలుగు వారాలు సరైన మందు పడితే తగ్గుతుంది. నేను ఆ మాట పైకి అనలేదు. ఇల్లు చూడొచ్చా అని అడిగాను. చూసుకొమ్మని చేత్తో సైగ చేసింది.

ముందు గదిలో మేకుకు బిక్షం డ్యూటీ బట్టలు, బెల్టు, తలకు పెట్టుకునే టోపీ వేలాడుతున్నాయి. గని వాళ్ళు పోయినవారమే పంపారట. జేబులు ఖాళీ. పోలీసులు వెతికింది జేబులే. మా నాన్న జేబులో ఎప్పుడూ ఏదీ పెట్టుకోలేదు, చెమటకు తడుస్తుందని. ముఖ్యమైన కాగితం ఏదైనా టోపీ లోపల, తల చుట్టూ పట్టీ ఉంటుందే, దాని వెనక దోపుకునేవాడు. బిక్షం టోపీ తిప్పి పట్టీ వెనక వేలు పెట్టాను. నాలుగు మడతల కాగితం వచ్చింది.

ఒకవైపు మెడికల్ బోర్డు నోటీసు. ఏప్రిల్ పదిహేనున హాజరు కావాలి. గని లోపలి పనికి పనికొస్తాడో లేదో తేల్చే బోర్డు అది. రెండోవైపు బాల్‌పెన్నుతో, పెద్ద అక్షరాలతో: ‘పొద్దున ఒకటి, పగటీలి ఒకటి, రాత్రి ఒకటి. తిండికి ముందే. బోర్డు అయ్యేదాకా బంద్ చెయ్యొద్దు. దవాఖాన క్యాప్సూల్ వేసుకోవద్దు.’ సంతకం లేదు.

వంటింటికి తిరిగొచ్చి గూట్లో డబ్బాలు ఒక్కొక్కటే తెరిచాను. ఐలవ్వ వద్దనలేదు. తినడం మానేసి చూస్తూ ఉంది. ఆవాల డబ్బాలో రెండు నారింజ రంగు క్యాప్సూల్స్ దొరికాయి.

ఇరవై ఎనిమిదిలో ఇరవై ఆరు పోతే రెండు. బిక్షం చచ్చిపోయింది ఇరవై ఆరో రోజు.

ఒంటిగంటన్నరకు బయట జీపు ఆగింది. సీఐ జైపాల్ చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. ఆ మర్యాద ఉంది మనిషికి. నన్ను చూడగానే మాత్రం ఎగాదిగా చూశాడు.

"నా సాక్షి ఇంట్ల మీకేం పని మేడం? డ్రగ్ ఇన్‌స్పెక్టర్ నౌకరి ఎందుకు వదిలిండ్రో నాకు తెలుసు. మీద ఉన్నోళ్ళతోని పడదు మీకు."

"మీద ఉన్నోళ్ళు కాగితాలు చదవకుంట సంతకాలు పెడ్తుండిరి. మీరు చదువుతరా?"

"చదివిన. సీసాల దొరికింది నొప్పుల గోళీ. సీసా నింపింది యేసుకుమార్. ఇంకేం చదవాలె?"

"క్యాప్సూల్ నారింజ రంగు, గోళీ తెలుపు. బిక్షంకు కండ్లు లేవా?"

"అంతంతమాత్రం చదువు. డాక్టర్ సీసా అని మింగిండు."

"ఇరవై ఒకటో రోజు సీసాల ఏడు క్యాప్సూల్స్ ఉన్నయి. నర్సు సంతకం ఉన్నది."

"ఆ రోజే మార్చిండు. ఖరీదైన మందు బయట అమ్ముకున్నడు, అగ్గువ గోళీ వేసిచ్చిండు. నా కేసు అదే."

నాకు నవ్వొచ్చింది, ఆపుకోలేదు. "ముప్ఫై ఒకటో సీసాల ఉన్నది పాత మందు సార్. ఆ ఏడు క్యాప్సూల్స్ అమ్ముకుంటే యేసుకుమార్‌కు సింగిల్ చాయ్ కూడా రాదు. కోడు కవరు తెరిచిండ్రా మీరు?"

తెరవలేదు. అతని మొహమే చెప్పింది. అయినా తగ్గలేదు.

"సరే. యేసుకుమార్ కాదు. మరి దవాఖాన సీసాలకు ఆ గోళీలు ఎట్ల వచ్చినయి? మీరే చెప్పండి."

"గని మొగదల తనిఖీ చేస్తరు. బీడీ, అగ్గిపెట్టె, ఫోను, ఏదున్నా తీసుకుంటరు. విడి గోళీలు దొరికితే ఏందివి, ఎవరిచ్చిండ్రు అని నిలబెట్టి అడుగుతరు. డాక్టర్ పేరున్న సీసాను అడగరు. మూడు పూటలు వేసుకునే గోళీ, ఒక పూట గని లోపల్నే పడ్తది. అందుకే సీసా ఖాళీ చేసి అందుల పోసుకున్నడు. లెక్కకు పోయే రోజు మళ్ళ క్యాప్సూల్స్ పోసుకుని పోయిండు."

"తన పుండు మీద తనే కారం పోసుకున్నడా? ఎవడన్న చేసే పనేనా అది?"

కాగితం చేతికిచ్చాను. నోటీసు వైపు చదివాడు, తిప్పి రెండో వైపు చదివాడు. నేను ఐలవ్వ ముందు కూర్చుని, ఆ రెండు క్యాప్సూల్స్ పళ్ళెం అంచున పెట్టాను.

"అక్కా, ఇవి నువ్వు వేసుకున్నవు. రోజుకొకటి. ఒక్కరోజు తప్పకుంట."

ఐలవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను తొందరపెట్టలేదు. ఎదురుగా ఉన్నది నా ముద్దాయిని కాపాడే సాక్షి. భర్త పోయి పదమూడు రోజులైన మనిషి కూడా. జాలేసింది. జాలేసినా లేచి పోలేదు.

"ఆయన ఏ వస్తువూ పారేసెటోడు కాదు," అంది చివరికి. "నాకు వద్దు, నువ్వు ఏసుకో, మంటకు మంచిదట అని ఇచ్చిండు. నేను దినాం దేవునికి దండం పెట్టుకున్నంక ఏసుకున్న. నాకు తగ్గింది. ఆయనకు..."

"ఆయనకు మానొద్దని ఎవరు చెప్పిండ్రు?"

"అంజి. పుండు మానితే ఫిట్ అని రాస్తరు, ఇంక రెండేండ్లు లోపల చెయ్యాలె, రిటైరై దిగిపోయినంక పిల్లకు నౌకరి రాదు అన్నడు. నెల మందు తిన్నా పుండు మానలేదని దవాఖాన కాగితం ఉంటే అన్‌ఫిట్ చేస్తరు, ఆయన బదులు మా బిడ్డ సంధ్యారాణికి నౌకరి వస్తది అన్నడు. మోకాళ్ళ నొప్పులకు ఏ దుకాణంలనన్న దొరికే గోళీలేనాయె. చంపుతయని ఎవలకు తెలుసు బిడ్డా? నొప్పులకు ఊరంత మింగుతరు."

"ఈ మాట సీఐ గారికి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఆయనే చేసుకున్నడని రాస్తరు. నౌకరిల ఉండి పోయిండని నా బిడ్డకు రావాల్సిన నౌకరి పోతది. మనిషి పోయె, నౌకరి గూడ పోతే మేం ఏం గావాలె?"

జైపాల్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. నౌకరి తప్పకుండా వస్తుందని ఆమెకు చెప్పగలను. అబద్ధమే అయినా ఆ పూటకు పనికొచ్చేది. చెప్పబుద్ధి కాలేదు.

"నౌకరి వస్తదో రాదో నాకు తెల్వదక్కా. నువ్వు చెప్పకుంటే మాత్రం నాలుగు గంటలకు యేసమ్మ కొడుకు జైలుకు పోతడు. అది తెలుసు."

ఐలవ్వ పళ్ళెం పక్కకు జరిపి చెయ్యి కడుక్కుంది. కడుక్కున్న చేతిని కొంగుకు చాలాసేపు తుడుచుకుంది.

"ఆ పిలగాడు ఆయన పోయిన్నాడు మా ఇంటి ముంగట కూసొని ఏడ్చిండు," అంది. "రాసుకో సారూ. నేను చెప్పింది రాసుకో. ఏలిముద్ర ఏస్త."

జైపాల్ వెంటనే రాసుకోలేదు. నా వైపు తిరిగాడు. ఓడిపోయిన మొహం కాదు, ఓడిపోవడం ఇష్టంలేని మొహం.

"ఒక ముసలామె మాట, ఒక సంతకం లేని కాగితం. దీనితోని కోర్టు నమ్మదు మేడం. బిక్షం ఒక్కడే ఇట్ల చేసుకున్నడంటే ఎవ్వరూ నమ్మరు."

"ఒక్కడు కాదు. పన్నెండు మంది."

ఫోన్లో రిజిస్టరు ఫొటోలు తెరిచి చూపించాను. ఇరవై ఒకటి, పద్నాలుగు, ఏడు అన్న అంకెలు పన్నెండుసార్లు, వరసగా. ఒక్క జీపులో వచ్చినవాళ్ళు, ఒక్క వయసువాళ్ళు, ఒక్కరికీ పుండు మానలేదు. అతను వేలితో పెద్దది చేసి చూశాడు.

"బోర్డు పదిహేనున ఉన్నది," అన్నాను. "ఇయ్యాల పదో తారీఖు. మిగిలిన పదకొండు మంది ఇంకా మింగుతనే ఉన్నరు."

"బిక్షం సచ్చినంక గూడనా? భయం లేదా?"

"భయం ఎందుకుంటది సార్? సీసాల తప్పు మందు వేసిండ్రు, ఫార్మసిస్టును పట్టుకున్నం అని మీరు పేపరోళ్ళకు చెప్పిండ్రు. ఏ మందో చెప్పలేదు."

"దర్యాప్తు రహస్యం. ఎట్ల చెప్త?"

"మరి వాళ్ళేం అనుకుంటరు? బిక్షంను చంపింది దవాఖాన క్యాప్సూల్ అనుకున్నరు. మేం అది వేసుకోలే, బతికిపోయినం అనుకున్నరు. గోళీలకు ఇంక ఫికర్ లేకుంటయిపోయింది."

నేను అక్కడే నిలబడి జగదీశ్వర్‌కు ఫోన్ చేశాను. పదకొండు మందికీ తక్షణం ఫోన్లు చేసి, ఆ గోళీలు ఆపించి, దవాఖానకు రప్పించమన్నాను. డాక్టర్ ఎందుకని అడగలేదు. ఆయన కూడా పొద్దుటి నుంచి అదే ఆలోచిస్తున్నట్టుంది. కొందరు మొదటి షిఫ్టులో గని లోపల ఉంటారని, ఫోన్లు పైన, టోపీ దీపాలిచ్చే లాంపు రూములో పెట్టి దిగుతారని గుర్తుచేశాను.

"పేర్లు చదవండి," అన్నాడు జైపాల్, జేబులోంచి పుస్తకం తీస్తూ. "ఏ గని, ఎక్కడ ఉంటరు, అంతా చెప్పండి. ఏ స్టేషన్ కిందికి వస్తే ఆ స్టేషన్‌కు నేను చెప్త. అంజి సంగతి తర్వాత చూస్త."

రెండూ ఇరవై అయింది. నేను చదువుతూ పోయాను, అతను రాసుకుంటూ పోయాడు. మంచి చేతిరాత. ఇరవై నాలుగో నెంబరు, ఇరవై ఐదు, ఇరవై ఆరు. ఇద్దరు గోదావరిఖని, ఒకాయన మంచిర్యాల.

"ఇరవై ఏడు. సదయ్య. యాభై ఎనిమిది. కాసిపేట దిక్కు గని. ఈ వారం మొదటి షిఫ్టు."

పెన్ను ఆగింది.

"ఇంటిపేరు?" అన్నాడు.

చదివాను. అతను పుస్తకం మూసి ఫోన్ నా చేతిలోంచి తీసుకుని, ఆ వరుసను తన కళ్ళతో చూసుకున్నాడు. తర్వాత నా ఫోన్ తిరిగిచ్చి, తన ఫోన్లో ఏదో నెంబరు వెతికాడు. మొదటిసారి తప్పు నొక్కాడు. రెండోసారి కలిసింది. చిన్న గది కావడంతో అవతలి గొంతు నాకూ, ఐలవ్వకూ వినిపించింది.

"లాంపు రూమా? సదయ్య అని... మొదటి షిఫ్టు. పైకి వచ్చిండా?"

"సదయ్య కాకనా? లేదు సార్. పొద్దుగాల సంది కడుపు నొస్తున్నదన్నడట, అయినా పనిల్నే ఉన్నడు. ఇప్పుడే కిందికెల్లి ఫోనచ్చింది. రక్తం కక్కుకున్నడట. స్ట్రెచరు దించినం. మీరెవరు సార్?"

"కొడుకును," అన్నాడు జైపాల్.

"జల్ది రాండ్రి సార్. దవాఖాన బండి మొగదల్నే ఉంచినం."

లైను పోయింది. ఐలవ్వ లేచి నిలబడి గోడ పట్టుకుంది. జైపాల్ ఇంకో నెంబరు నొక్కి, స్టేషన్లో ఎస్సైతో రెండే మాటలు మాట్లాడాడు. "యేసుకుమార్‌ను కోర్టుకు తీస్కపోవద్దు. బయటికి పంపు, కాగితాలు నేను రాస్త." గొంతు మామూలుగానే ఉంది. చెప్పులు తొడుక్కోబోయి, ఒక కాలికే తొడిగి ఆగిపోయాడు.

నాకు ఆ మనిషి మీద అంతవరకూ ఉన్న కోపం ఎటో పోయింది.

"మీ బాపుకు పుండున్న సంగతి మీకు తెల్వదా?" అని అడిగాను.

"తెల్వదు. తమ్మునికి నౌకరి, నౌకరి అని నెల సంది ఒకటే రంధి పెట్టుకున్నడు. పుండు సంగతి నాకు చెప్పలే." రెండో చెప్పు కోసం వంగాడు, దొరకలేదు, అలాగే లేచాడు. "మోకాళ్ళు నొస్తున్నయని చెప్పిండు. ఆదివారం ఇంటికి పోయినప్పుడల్లా ఆ గోళీలు నేనే కొనుక్కపోయి ఇచ్చిన మేడం."